ఓరుగల్లు నుంచి మోటుపల్లి దాకా: కాకతీయుల రేవును చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

వరంగల్‌లో సముద్రం చూడాలని ఎవరికైనా అనిపిస్తే మొదట గుర్తొచ్చేది వైజాగ్. దానికి భక్తి తోడైతే పూరీ, రామేశ్వరం. మోటుపల్లికి పోదామన్న మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఓరుగల్లు రాజ్యానికి సొంత రేవు అదే. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, చీరాల దగ్గర, ఇప్పుడు చిన్న పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద మన కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45 నాటిది. దాన్నే అభయ శాసనం అంటారు.

నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఏ లెక్కా లేకుండా వెళ్లి చాలా తిప్పలు పడ్డాను. రాత్రి బండి నడిజాము దాటాక చీరాలలో దింపింది. ఫోన్లో ఇస్తామన్న గది అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. తెల్లారేదాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాం. మరునాడు మోటుపల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నం, గుడి తాళం వేసి ఉంది. అంత దూరం పోయి స్తంభం చూడకుండానే తిరిగొచ్చాం. రెండోసారి అమ్మను, పిల్లల్ని తీసుకుని, అన్నీ ముందే కుదుర్చుకుని వెళ్లాను. ఆ పద్ధతే ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

1. బయలుదేరే ముందు వరంగల్‌లోనే చేయాల్సిన పని

ఈ యాత్రలో సగం ఇక్కడే జరగాలి. ఇది అలంకారానికి అన్న మాట కాదు. మోటుపల్లిలో గైడ్ ఉండడు, వివరంగా చెప్పే బోర్డుల మీద ఆధారపడలేం. ఏం చూస్తున్నామో మనకు ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే అది అన్నిటిలాంటి ఒక పాత గుడిలో ఒక రాతి స్తంభం, అంతే.

ముందు శాసనంలోని సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. అప్పటిదాకా ఉన్న పద్ధతి ఏమిటంటే, తుపానుకు చిక్కి పగిలిన ఓడో, దారి తప్పిన ఓడో ఒడ్డుకు కొట్టుకొస్తే దానిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు సమస్తం ఆ తీరం ఏలే రాజు లాక్కునేవాడు. సముద్రంలో అన్నీ పోగొట్టుకుని ప్రాణంతో బయటపడ్డవాడిని ఒడ్డున మళ్లీ దోచుకోవడం అన్నమాట. గణపతిదేవుడు దాన్ని ఆపేశాడు. ప్రాణం కంటే ధనమే ప్రియమనుకుని సముద్రం మీద సాహసం చేసి వచ్చేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నానని రాయి మీద చెక్కించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయ్యో వంతు. ఆ తర్వాత సరుకుల వారీగా రేట్లు ఉంటాయి. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. ఆ జాబితా పిల్లలతో పైకి చదివించండి. ఓడలో ఏనుగు ఎట్లా పడుతుందని మా చిన్నది వారం రోజులు అడిగింది.

ఓరుగల్లు సముద్రానికి దాదాపు 250 కిలోమీటర్ల లోపల ఉన్న ఊరు. అలాంటి ఊళ్లో కూర్చున్న రాజు రేవు గురించి ఇంత పట్టించుకోవడానికి కారణం ఉంది. దక్కను రాజులకు మేలుజాతి గుర్రాలు అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడల మీదే రావాలి. గుర్రాలు లేకపోతే సైన్యం లేదు. అందుకే గణపతిదేవుడు తీరంలో వెలనాటిని గెలిచాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోటున్న దివిసీమ అయ్య వంశం ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వాళ్ల అన్నదమ్ముడు జాయపను గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా పెట్టుకున్నాడు. నృత్యశాస్త్రం రాసిన జాయప సేనాని ఆయనే. మన రామప్ప గుడి గోడల మీది నాట్య భంగిమలు చూస్తూ ఆయన పేరు తలుచుకునే మనకు, ఆయన సముద్రతీరం మనిషి అన్న సంగతి ఎప్పుడూ గుర్తుకు రాదు.

ఇంకొక చిన్న సాధన చేయండి. 13వ శతాబ్దపు తెలుగు లిపి కన్నడానికి దగ్గరగా ఉంటుంది, ఇప్పటి అక్షరాల్లా ఉండదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి ప్రాంగణంలో రుద్రదేవుడి 1163 నాటి శాసనం ఉంది కదా, ఒక సాయంత్రం దాని ముందు నిలబడి 'శ్రీ' ఎక్కడుందో వెతకండి. తర్వాత 'మ', 'ర', 'గ' లాంటివి రెండు మూడు పట్టుకోండి. అన్నీ చదవక్కర్లేదు. నాలుగు అక్షరాలు గుర్తుపట్టగలిగితే మోటుపల్లి స్తంభం ముందు మీ చూపే మారిపోతుంది. మోటుపల్లి శాసన పాఠాన్ని, అనువాదాన్ని భారత పురావస్తు శాఖ తన శాసన సంపుటాల్లో ఎప్పుడో అచ్చువేసింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ పేజీలు ప్రింట్ తీసుకుని సంచిలో పెట్టుకోండి. ఫోన్లో పెట్టుకుంటే ఎండలో తెర సరిగా కనిపించదు.

2. ఎప్పుడు వెళ్లాలి

నా లెక్కలో డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. సంక్రాంతి వారం మాత్రం వద్దు, రైళ్లలో నిలబడడానికి కూడా చోటుండదు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి రోజులు తుపాన్ల కాలం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ తీరానిదే. మొన్న 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లోనే వెళ్లాల్సి వస్తే, బయలుదేరే ముందు నాలుగు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినిపిస్తే టికెట్లు రద్దు చేసుకోవడమే మంచిది. పోయేది డబ్బే.

కార్తీకమాసం గురించి ఒక మాట. సముద్రస్నానానికి, ముఖ్యంగా పౌర్ణమికి, సూర్యలంక, ఓడరేవు తీరాలకు జనం వేలల్లో వస్తారు. స్నానమే మీ ఉద్దేశమైతే అదే సరైన రోజు. శాసనం చూడడం ఉద్దేశమైతే ఆ రోజు కాదు.

ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు అలవాటుపడ్డ మనం అక్కడి ఎండ ఒక లెక్కా అనుకుంటాం. మన దగ్గర పొడి ఎండ, అక్కడ ఉక్క. చెమట ఆరదు. మా అమ్మ లాంటి పెద్దవాళ్లు తట్టుకోలేరు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. కాబట్టి సముద్రపు చేప తినాలనే ఆశతో వెళ్లేవాళ్లకు ఆ రెండు నెలలు నిరాశే.

3. ప్రయాణం

రైలే మేలు. వరంగల్ నుంచి ఖమ్మం, విజయవాడ, తెనాలి, బాపట్ల మీదుగా చీరాల. మొత్తం సుమారు 300 కిలోమీటర్లు. విజయవాడ దాటాక మద్రాసు వైపు వెళ్లే ప్రధాన లైను మీదే చీరాల ఉంది కాబట్టి చాలాసార్లు బండి మారాల్సిన పని ఉండదు.

నేను సూచించేది పగటి బండి. ఆదిలాబాద్ నుంచి తిరుపతి వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ కాజీపేట, వరంగల్ మీదుగా పగలే వెళ్తుంది. ఆదిలాబాద్, నిజామాబాద్ వాళ్లు తమ ఊళ్లోనే ఎక్కొచ్చు. కరీంనగర్, పెద్దపల్లి వాళ్లు కాజీపేటకో వరంగల్‌కో వచ్చి ఎక్కితే సరిపోతుంది. అది నెమ్మది బండే. కానీ విజయవాడ దాటగానే కృష్ణ మీది వంతెన, తెనాలి చుట్టూ మాగాణి, బాపట్ల దగ్గరికి వచ్చేసరికి నేల ఇసుక రంగుకు మారడం, ఇవన్నీ కిటికీలోంచి కనిపిస్తాయి. మన రేగడి నుంచి, గుట్టల నుంచి తీరపు ఇసుకలోకి దిగుతున్నామని తెలుస్తుంది. రాత్రి బండ్లు వేగంగా వెళ్తాయి గానీ చాలావరకు నడిరాత్రి దాటాకే చీరాలలో దింపుతాయి. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఆ టెన్షన్ వద్దు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. తిరుపతి వెళ్లే బండ్లు కాబట్టి శుక్ర, శని వారాల్లో త్వరగా నిండుతాయి. రాను పోను రెండూ ఒకేసారి తీసుకోండి. మంగళవారం వెళ్లి గురువారం తిరిగి రావడం కుదిరితే అన్నిటికన్నా సుఖం. బీచ్ దగ్గర రద్దీ ఉండదు, గదులూ దొరుకుతాయి.

కారులో అయితే ఖమ్మం, విజయవాడ మీదుగా ఏడెనిమిది గంటలు పెట్టుకోండి. నలుగురైదుగురు ఉంటే ఖర్చు కలిసొస్తుంది. చీరాల చుట్టూ తిరగడానికి సొంత బండి ఉండడం లాభమే. కానీ ఒక్కరే అంత దూరం నడిపి ఆ సాయంత్రమే సముద్రంలో దిగడం మంచిది కాదు.

4. ఎక్కడ ఉండాలి, ఎన్ని రోజులు

మోటుపల్లిలో లాడ్జీలు, హోటళ్లు ఉండవు. చీరాలలో ఉండి అక్కడికి వెళ్లి రావాలి. చీరాల స్టేషను చుట్టుపక్కల మామూలు లాడ్జీలు ఉన్నాయి. రామాపురం, ఓడరేవు తీరాల వెంట రిసార్టులు ఉన్నాయి. బాపట్ల వైపు సూర్యలంకలో పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్ట్ ఉంది. మాలాగా గుళ్లు, మగ్గాలు, లైబ్రరీ చూడాలనుకునేవాళ్లకు ఊళ్లో లాడ్జీయే అనువు. రిసార్టులో దిగితే రోజంతా అక్కడే గడిచిపోతుంది.

గది ఖాయం చేసుకునేటప్పుడు కొంత అడ్వాన్సు పంపి, రాతపూర్వకంగా మెసేజ్ తెప్పించుకోండి. మీరు ఏ టైముకి దిగుతారో అందులో స్పష్టంగా ఉండాలి. నేను ఎందుకు చెబుతున్నానో పైన చదివారు.

రెండు రాత్రులు, మధ్యలో నిండుగా ఒక రోజు, తిరుగు రోజు సగం. అంతకంటే తక్కువైతే హడావుడి.

5. మోటుపల్లి పొద్దు

ముందురోజు సాయంత్రమే ఆటో మాట్లాడుకోండి. "మోటుపల్లి వీరభద్రస్వామి గుడి, అక్కడ రెండు గంటలు ఆగాలి, తిరిగొచ్చేటప్పుడు వేటపాలెం లైబ్రరీ దగ్గర దింపాలి" అని మొత్తం ఒకేసారి చెప్పి ధర తేల్చుకోండి. ఆగే సమయం చెప్పకపోతే అక్కడ చేరాక గొడవవుతుంది. డ్రైవర్‌కు గుడి ఎటో తెలియకపోతే కంగారు పడకండి, ఊళ్లోకి వెళ్లి ఎవరినడిగినా చూపిస్తారు.

పొద్దున ఏడింటికల్లా గుడి దగ్గర ఉండేలా బయలుదేరండి. రెండు కారణాలు. పల్లెటూరి గుడి కాబట్టి పూజ అయ్యాక తాళం వేసే అవకాశం ఎక్కువ. ఒకవేళ వేసి ఉంటే పూజారిగారి ఇల్లు ఎక్కడని మర్యాదగా అడగండి. "అయ్యా, వరంగల్ నుంచి శాసనం చూద్దామని వచ్చామండి" అని నేను చెప్పినప్పుడు ఆ పెద్దాయన ముఖంలో కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది. తాళం తీసి, మేము చూసినంతసేపూ పక్కనే నిలబడ్డారు. హారతి పళ్లెంలో దక్షిణ వేయడం మరిచిపోకండి.

రెండో కారణం వెలుతురు. రాతి మీది అక్షరాలు నెత్తిన ఎండ పడితే కనిపించవు. పక్క నుంచి పడే ఏటవాలు వెలుగులోనే గీతల లోతు తేలుతుంది. పొద్దుటి ఎండ మండపంలోకి సరిగ్గా రాకపోతే ఫోన్ టార్చిని స్తంభానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పోనివ్వండి. అప్పటిదాకా నున్నగా అనిపించిన రాయి మీద వరుసలు వరుసలుగా అక్షరాలు లేస్తాయి. మా అమ్మ బడికి పోయింది తక్కువ. ఆ టార్చి వెలుగులో అక్షరాలు తేలగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

చేయకూడనివి కూడా చెప్పాలి. అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్కతో, పిండితో, పసుపుతో రుద్దకండి. వేలితో గీత వెంట రాయకండి. ఏడున్నర శతాబ్దాలకు పైగా ఉప్పుగాలిని తట్టుకున్న రాయి అది, మన చేతుల వల్ల అరిగిపోకూడదు.

ఈ రేవుకు శాసనంలో దేశియుయ్యకొండపట్టణం అనే ఇంకో పేరు కూడా ఉంది. అదే ఊళ్లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో వేయించిన శాసనం ఒకటి ఉంది. కాకతీయ రాజ్యం కూలిన తర్వాత ఆయన కూడా ఈ రేవుకు వచ్చే వ్యాపారులకు మళ్లీ అభయమిచ్చాడు. అంటే ఒక రాజు ఇచ్చిన మాటను వేరే వంశం వాడు నూరేళ్లు దాటాక కొనసాగించాడు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే నాకు మోటుపల్లి అంత ఇష్టమైంది.

వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అక్కడి రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని, భర్త చనిపోయాక రాజ్యం చేపట్టిందని ఆయన రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. అయితే ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. నలభై ఏళ్ల లెక్క కూడా సరిపోదు, ఆమె 1262 నుంచి 1289 దాకా ఏలింది. చందుపట్ల శాసనం ప్రకారం 1289లోనే మరణించింది. మార్కోపోలో దక్షిణ తీరానికి వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి ఆయన ఓడల్లో, రేవుల్లో నలుగురు చెప్పుకునే మాటలు విని రాసి ఉంటాడని నా నమ్మకం. అయినా ఆ మాటల్లో ఆమె న్యాయం గురించి ఉంది, వజ్రాల గురించి ఉంది, సాలెగూడంత సన్నగా నేసిన బట్టల గురించి ఉంది. చనిపోయాక కూడా ఆమె పేరు సముద్రం మీద మంచిగా వినిపించింది.

కోదండరామస్వామి గుడి కూడా ఉంది, అది కూడా చూసుకుని, సముద్రం వైపు వెళ్లండి. అక్కడ ఇప్పుడు ఓడల జాడ ఏమీ కనిపించదు. ఇసుక, సర్వి చెట్లు, అలలు. నిరాశపడకండి. ఆ ఖాళీ తీరం మీద కూర్చుని, సంచిలోని ప్రింట్ తీసి, సుంకాల జాబితా మరోసారి చదవండి. నేనైతే ఆ అరగంట కోసమే అంత దూరం వెళ్తాను. తిరిగొచ్చేటప్పుడు చినగంజాం వైపు ఒక్క పది నిమిషాలు వెళ్తే ఉప్పు కొటార్లు కనిపిస్తాయి. మళ్లలో సముద్రపు నీళ్లు ఎండి ఉప్పుగా మారడం పిల్లలు పుస్తకంలో చదివిందే, ఇక్కడ కళ్లారా చూస్తారు.

6. వేటపాలెం, చీరాల

వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. 1918లో ఊరి యువకులు మొదలుపెట్టింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను అక్కడ భద్రంగా దాచారు. పాత పత్రికల సంపుటాలు వెతుక్కుంటూ పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తెరిచి ఉండే వేళలు, సెలవు రోజు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లోపల నెమ్మదిగా మాట్లాడండి, పిల్లలకు ఒక పాత పత్రిక తేదీ చూపించి బయటికి తీసుకురండి. బయట జీడిపప్పు కొనుక్కోవచ్చు, వేటపాలెం దానికి పేరు. గుండు, బద్ద, ముక్క వేరువేరు ధరలు, చూసి కొనండి.

చీరాల గురించి వరంగల్ వాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంది. 1921లో ఈ ఊరు, పక్కనున్న పేరాల కలిసి చేసిన పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. రెండూ కలిపి మునిసిపాలిటీ చేసి బ్రిటిష్ ప్రభుత్వం మోయలేని పన్నులు వేసింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలాది మంది ఇళ్లకు తాళాలు వేసి ఊరొదిలిపెట్టారు. ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఎండకు, వానకు అక్కడే ఉన్నారు. పన్ను వేయడానికి ఊళ్లో మనిషే లేకుండా చేశారు. చివరికి గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాక తిరిగి రావాల్సొచ్చింది. అయినా చీరాల నడివీధిలో నడుస్తూ, ఈ ఇళ్లన్నీ ఒకప్పుడు ఏడాది దగ్గర దగ్గర ఖాళీగా ఉన్నాయని పిల్లలకు చెప్పండి.

ఇక మగ్గాలు. మాది వరంగల్‌లో నేతగాళ్ల పేట కొత్తవాడ. మా తాత జంపఖానాలు నేసినవాడు, కాబట్టి ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. చీరాల ఊరంతా నేతే. కుప్పడం పట్టు చీరలు ఇక్కడివి. ఒకప్పుడు ఇక్కడే తేలియా రుమాళ్లు నేసేవారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, దారాన్ని ముడులు కట్టి రంగు అద్ది, ఎరుపు, నలుపు, తెలుపు చతురస్రాలు వచ్చేలా నేసేవారు. ఆ నూనె వల్లే తేలియా అనే పేరు. అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఓడల్లో వెళ్లేవి. ఆ పనితనం తర్వాత మన వైపు పుట్టపాక, పోచంపల్లి ఊళ్లకు చేరింది. ఈరోజు పోచంపల్లి చీర కట్టుకున్న మన ఆడవాళ్ల కట్టులో చీరాల ఉందన్నమాట.

నేత చూడాలంటే దుకాణానికి కాదు, మగ్గం ఉన్న ఇంటికి వెళ్లాలి. దుకాణంలో ఒక చీర కొన్నాక "మగ్గం చూడొచ్చాండి?" అని అడగండి. చాలాసార్లు వాళ్లే పక్క వీధికి తీసుకెళ్తారు. గుంట మగ్గం ముందు కూర్చున్నాయన ఒక వరుస పూర్తయ్యేదాకా పలకరించకండి, పేక తెగితే ఆయన కూలే పోతుంది. ఫోటో తీసే ముందు అడగండి. ఆయన అక్కడ కండె మార్చుతుంటే మా అమ్మ, "మా మామ కూడా గిట్లనే కూసునేటోడు బిడ్డా" అంది. తర్వాత వాళ్లిద్దరూ గంటసేపు నూలు ధరల గురించి మాట్లాడుకున్నారు. మాకు చెప్పడానికేం మిగల్లేదు.

7. సముద్రంలో దిగేటప్పుడు

చీరాలకు దగ్గరి తీరం ఓడరేవు, ఆరేడు కిలోమీటర్లు. దాని పక్కన రామాపురం. బాపట్ల దగ్గర సూర్యలంక. ఆదివారం జనం ఎక్కువ.

ఈ భాగం దయచేసి తేలిగ్గా చదవొద్దు. మన పిల్లలు చెరువుల్లో, బావుల్లో ఈత నేర్చినవాళ్లు. పాకాలలో, లక్నవరంలో నీళ్లు నిలబడి ఉంటాయి. సముద్రం అలా ఉండదు. అల ఒడ్డుకు వచ్చి తిరిగి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను, మనిషిని కలిపి లోపలికి లాగుతుంది. ఈత వచ్చన్న ధైర్యంతో దిగిన కాలేజీ పిల్లలు ఈ తీరాల్లో ఎందరో పోయారు. మోకాలి లోతు దాటకండి. పోలీసులు, గజఈతగాళ్లు వద్దన్న చోటికి వెళ్లకండి. లోపలికి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డుకేసి ఎదురీదకండి, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడతారు. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వకండి. పిల్లలతో ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఒడ్డునే, ఫోన్ చూడకుండా, నిలబడి ఉండాలి.

పొద్దున ఆరింటికి వెళ్తే సూర్యోదయం, వేట నుంచి తిరిగొచ్చే పడవలు రెండూ చూడొచ్చు. తూర్పు తీరం కదా, సూర్యాస్తమయం సముద్రంలో కనిపించదు.

8. తిండి, సంచి

చేప ప్రియులకు ఒక మాట. బొచ్చె, రవ్వ, కొర్రమీను తినే నోటికి సముద్రపు చేప మొదట వేరుగా అనిపిస్తుంది. వంజరం ముక్కల వేపుడుతో మొదలుపెట్టండి, ముల్లు తక్కువ. తర్వాత చందువా, నెత్తళ్లు, రొయ్యలు. పడవల దగ్గర కొని వండించుకుంటే మరీ మంచిది. మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా, నొక్కితే కండ తిరిగి లేచేలా ఉండాలి. పీతలు, రొయ్యలు మొదటిసారి తినేవాళ్లు కొంచెమే తినండి, కొందరికి ఒంటికి పడవు.

శాకాహారులకు చీరాలలో భోజనం హోటళ్లు ఉన్నాయి. మోటుపల్లికి మాత్రం నీళ్లు, తినడానికి ఏదో ఒకటి పట్టుకుపోవాలి. మేము ఇంటి నుంచి సకినాలు, సర్వపిండి తీసుకెళ్లాం. సర్వపిండి మొదటి రోజుకే, సకినాలు తిరిగొచ్చేదాకా ఉన్నాయి.

సంచిలో ఉండాల్సినవి: నూలు బట్టలు, టోపీ లేదా గొడుగు, టార్చి, శాసనం ప్రింట్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పెద్దవాళ్ల మందులు రెండు రోజులకు ఎక్కువగా, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి, ఇసుకలో నడవడానికి పాత చెప్పులు. పల్లెల్లో చిల్లర అవసరమవుతుంది, కొంత నగదు ఉంచుకోండి. ఎండుచేపలు కొంటే మూడు పొరలు చుట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. లేకపోతే బోగీలో తోటివాళ్లు ఇబ్బంది పడతారు.

9. తిరిగొచ్చాక

తిరుగు బండి మధ్యాహ్నం తర్వాతదైతే ఆ పొద్దున బాపట్ల భావనారాయణస్వామి గుడి చూసుకుని, అక్కడే బండి ఎక్కొచ్చు. మీ బండి బాపట్లలో ఆగుతుందో లేదో టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు అది.

ఇంటికొచ్చిన వారంలోపే పిల్లల్ని వరంగల్ కోటకు తీసుకెళ్లండి, ఆలస్యం చేస్తే మరిచిపోతారు. మోటుపల్లి స్తంభం ఫోటో వెంట తీసుకుపోండి. మేము వెళ్లినప్పుడు మా చిన్నది దక్షిణం వైపు కీర్తితోరణం కింద నిలబడి, ఆ గుర్రాలన్నీ ఈ దారినే వచ్చాయా నాన్నా అని అడిగింది. వచ్చే ఉంటాయన్నాను. అక్కడి నుంచి సముద్రం ఎటు ఉంటుందో చూపించమంది. ఇద్దరం ఫోన్లో మ్యాప్ తీసి, దిక్కు సరిచూసుకుని, అటు తిరిగి కాసేపు నిలబడ్డాం.